ఒక్క ‘నుంచి’తో వచ్చిన చిక్కు

పోటీ పరీక్షలు రాసిన మనకి ‘స్పాటింగ్ ఎర్రర్స్’ గుర్తుండే ఉంటుంది. వాక్యాన్ని ముక్కలు చేసి తప్పు ఏ ముక్కలో ఉందో పట్టమంటారు. చివరిది ‘నో ఎర్రర్’. అందులో పాతకాపు ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’. 2020 నుంచి అన్నా, అయిదేళ్ళ నుంచి అన్నా తెలుగుకి ఒక్క ‘నుంచి’ చాలు. ఇంగ్లీషులో మొదలైన సమయానికి ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’. ‘డిస్కస్ ఎబౌట్’లో దాక్కున్నదీ మన ‘గురించే’.

ఇక్కడ పుట్టిన పిల్లలు వీటిని ఇట్టే పట్టేసి నవ్వుతారు. వాళ్ళు ‘బస్సు తీసుకుని వచ్చాను’ అంటే మనం నవ్వుతాం. తేడా ఒక్కటే: మన ఇంగ్లీషు ఆగదు, వాళ్ళ తెలుగు ఆగిపోతుంది. అందుకని తప్పు దిద్దేటప్పుడు, అది ఏ భాషలోంచి వచ్చిందో కూడా చెబుదాం. అప్పుడది ఎగతాళి కాదు, పాఠం.