పసుపు కుంకుమల లెక్క

మా అన్నయ్య మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి. ఆడపిల్ల ఆస్తి గురించి నోరెత్తిందంటే అన్నదమ్ములు దుర్మార్గులై ఉంటారనుకుంటారు కదా. అక్కకీ నాకూ ఏటా సంక్రాంతికి చీరలు పెడతాడు, వెళ్లేటప్పుడు బస్తా బియ్యం కారెక్కిస్తాడు. నలభై ఏళ్లుగా ఒక్కసారీ తప్పలేదు.

మొన్నామధ్య తాతల నాటి మూడెకరాలు బేరం పెట్టాడు. కొనేవాళ్లు ఆడపిల్లల సంతకాలూ కావాలన్నారట. హక్కు విడుదల పత్రాలు రాయించి తెచ్చి, "ఊరికే ఫార్మాలిటీయేనమ్మా" అన్నాడు. నాకున్న హక్కును ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని ఉంది అందులో. ఆ పొలంలో నాకు హక్కుందని మా ఇంట్లో కాగితం మీద చూడటం అదే మొదలు. అదీ వదిలేయమని!

మితాక్షర పద్ధతిలో ఉమ్మడి ఆస్తి మీద కొడుక్కి పుట్టుకతోనే హక్కు. తండ్రి ఇచ్చేది కాదు, కాదనగలిగేదీ కాదు. అన్నయ్య ఒకప్పుడు నాన్నతో రెండేళ్లు మాట్లాడలేదు. అతని వాటా ఎక్కడికీ పోలేదు. మా చీరలు అలాంటివి కావు. వాటికోసం నవ్వుమొహం పెట్టాలి, వదినతో మంచిగా ఉండాలి, రంగు నచ్చకపోయినా నచ్చిందనాలి.

మరి కూతురి హక్కు ఎక్కడినుంచి వచ్చింది? హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టేశారని అంబేద్కర్ 1951లో మంత్రి పదవి వదిలేశాడు. 1956 చట్టం తండ్రి వాటాలో భాగమిచ్చింది గానీ పుట్టుక హక్కు జోలికి పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకూ అది వచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లకు తప్ప. అక్క పెళ్లి 1984లో, నాది 1988లో. ఒకే తల్లి కడుపున పుట్టాం, పుట్టుక హక్కు మాత్రం ఒకరికే! 2005 సెప్టెంబరు 9న కేంద్రం చట్టాన్ని సవరించాక గానీ అక్క పుట్టుక లెక్కలోకి రాలేదు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. మా నాన్న 2011లో పోయాడు కాబట్టి మాకా పేచీ లేదు.

"కట్నాలతో మీ వాటా తీరిపోయింది కదా" అని బాబాయి. ఆ కట్నాలు ఎవరి చేతుల్లో పడ్డాయో ఆయనకు తెలియదా?

"సంతకం పెట్టకపోతే మనకు పుట్టిల్లు మిగలదే" అంది అక్క. బావ పోయాక ఆమె నాలుగు రోజులు నిమ్మళంగా ఉండేది ఆ ఇంట్లోనే. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. కానీ వాటా అడిగితే పుట్టిల్లు పోతుందని అన్నయ్యనెవరూ ఎప్పుడూ బెదిరించలేదు.

అమ్మేవాళ్లలో నా పేరూ రాసి, నా వంతు డబ్బు నా ఖాతాలో వేస్తే సంతకం పెడతానని చెప్పాను. అన్నయ్య కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాఫీ తాగకుండానే వెళ్లాడు.

నిన్న అక్క ఫోన్ చేసింది. సంతకం సంగతి ఎత్తలేదు. ఊళ్లో ఎకరం ఇప్పుడెంత పలుకుతోందని మాత్రం అడిగింది.