పోటు వేళకే బోటు

భిలాయి పక్కనున్న చరోదాలో పుట్టి పెరిగినవాడికి మడ అడవిలో పనేమిటని చాలామంది అడుగుతుంటారు. మాది రైల్వే కుటుంబం. భిలాయి మార్షలింగ్ యార్డులో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగువాళ్ల మధ్య పెరిగాను. పక్షుల్ని, జంతువుల్ని చూపించే గైడు పని నా బతుకుదెరువు. చలికాలం రాగానే చరోదా, భిలాయి, దుర్గ్ తెలుగు కుటుంబాలను కూడగట్టుకుని టిట్లాగఢ్, రాయగడ, విజయనగరం మీదుగా రైల్లో కోస్తాకి దిగుతాను. మేం వెళ్లేది కాకినాడ పక్కనున్న కోరింగ అభయారణ్యానికి. గౌతమి గోదావరి సముద్రంలో కలిసే చోట 235 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న మడ అడవి అది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

బయలుదేరే తేదీ ఖాయం చేసే ముందు పంచాంగం చూస్తాను. అమావాస్యకీ పున్నమికీ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా లాగుతుంది. అష్టమి చుట్టుపక్కల నీటి కదలిక మందంగా ఉంటుంది. పైగా పోటు వేళ రోజురోజుకీ ముప్పావు గంటకు పైగా వెనక్కి జరుగుతుంది. నిన్న ఆరింటికి బోటు ఎక్కించి ఇవాళ ఏడింటికి రమ్మంటే కొత్తవాళ్లకి విసుగు వస్తుంది. కానీ ఇక్కడ మన చేతిలో ఉన్నది తక్కువ. నీళ్లు నిండుగా ఉన్నప్పుడే సన్నపాటి పాయల్లోకి బోటు దూరుతుంది. నీళ్లు తీస్తున్నప్పుడే బురద బయటపడి పక్షులు మేతకి దిగుతాయి. అందుకే పోటు మీద లోపలికి వెళ్లి, పాటు మొదలయ్యాక మెల్లగా బయటికి రావాలి. ఆలస్యం చేస్తే బోటు బురదలో కూర్చుంటుంది. మళ్లీ పోటు వచ్చేదాకా అది కదలదు.

మా సరంగు చేపలు పట్టే ఇంటివాడు. నా దుర్బిణి కంటే అతని కన్ను ముందు పట్టుకుంటుంది. నీటి మీద గీత కదిలితే అది చేపదో, పాముదో, నీటికుక్కదో చెప్పగలడు. పాయ మలుపు దగ్గర ఇంజిన్ ఆపేసి గెడ అందుకుంటాడు. ఆ తర్వాత ఓ పది నిమిషాలు ఎవర్నీ మాట్లాడొద్దంటాను. ఆ పది నిమిషాల్లో అడవి మళ్లీ తన పనిలో పడుతుంది. లకుముకి పిట్ట కొమ్మకి తిరిగొస్తుంది. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటుంది. దూరంగా గరుడ పక్షి చుట్లు తిరుగుతుంటుంది. నత్తగుళ్ల కొంగలు కనిపిస్తే మావాళ్ల మొహాలు వెలుగుతాయి. చరోదా చెరువుల్లో, వరిమళ్లలో రోజూ చూసే కొంగలే అవి. ప్రయాణానికి ముందు ఆ చెరువుగట్ల మీదే నేను వాళ్లకి దుర్బిణి పట్టడం నేర్పిస్తాను.

ఒకసారి మా కాలనీ పెద్దావిడ ఒకామె బోటు అంచు పట్టుకుని, “ఏటి నాయనా, ఈ బురద చూడ్డానికా ఇంత దూరం తెచ్చావు?” అంది. “అవునమ్మా, బురద చూడ్డానికే” అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను, ఎందుకంటే కోరింగలో అసలు చూడాల్సింది బురదే. మడచెట్ల చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు కనిపిస్తాయి. నీట మునిగిన మట్టిలో గాలి ఉండదు కాబట్టి ఆ చెట్టు వేళ్లని పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. తెల్లమడ ఆకుని తాకి వేలు నాలిక్కి రాస్తే ఉప్పగా ఉంటుంది. వేళ్లతో లాగిన ఉప్పుని ఆకుల మీంచి బయటికి తోసేస్తుంది. పొన్న జాతి మడచెట్టు విత్తనం కొమ్మకి ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, కిందపడ్డాక వేరు పట్టుకుంటుంది. తిల్ల చెట్టు దగ్గరకి మాత్రం ఎవర్నీ చెయ్యి చాపనివ్వను. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

ఆ బురద మీద ముందు రెక్కలతో పాకే చిన్న చేపలున్నాయి. ఒక డెక్క మాత్రమే పెద్దగా పెరిగిన మగపీతలు వందల కొద్దీ నిలబడి ఆ డెక్కని ఊపుతుంటాయి. ఎందుకలా ఊపుతున్నాయని ఆ పెద్దావిడే అడిగింది. ఆడపీతని పిలవడానికి, పక్క మగపీతని తన కన్నం దగ్గరకి రానివ్వకుండా బెదిరించడానికి అని చెప్పాను. ఆమె ఇక కళ్లు తిప్పలేదు. రాలిన మడ ఆకుల్ని పీతలు కొరుకుతాయి, మిగిలింది కుళ్లి నీళ్లలో కలుస్తుంది, ఆ మేత మీద రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగుతాయి. కాకినాడ తీరంలో వల వేసే కుటుంబాలకి అందే చేపల్లో చాలా వాటికి పుట్టిల్లు ఈ పాయలే. మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి ఉల్లంకి పిట్టలు ఎగిరొచ్చేది కూడా ఈ బురదలోని పురుగుల కోసమే.

నీటికుక్కలు కనిపించిన రోజు బోటులో ఎవరికీ ఆకలి గుర్తుండదు. ఇవి కుటుంబంగా తిరుగుతాయి. ఒకటి తల పైకెత్తి మమ్మల్ని చూసి బుస్సుమంటుంది, మిగతావి ఒడ్డున చేపని కరకర నమిలేస్తుంటాయి. ఇంకొంచెం దగ్గరికి పోనిమ్మని వెనక నుంచి ఎవరో అంటారు. నేను పోనివ్వను. పిల్లల్ని వెంటేసుకున్న తల్లి బెదిరి నీళ్లలోకి దూకితే ఆ పూట మేత పోయినట్టే. మనం చూసినందుకు దానికి కలిగే నష్టం ఎంతన్నది ముందు ఆలోచించాలి. గైడు పనిలో నేను అన్నిటికంటే పట్టుదలగా ఉండేది ఈ ఒక్క విషయంలోనే.

బావురుపిల్లిని చూపిస్తానని ఎవరికీ మాటివ్వను. చేపల్ని వేటాడే ఈ అడవిపిల్లికి కాలివేళ్ల మధ్య కొంచెం పొర ఉంటుంది, గోళ్లు పూర్తిగా లోపలికి పోవు. రాత్రి తిరిగే జంతువు. 2018 లెక్కల్లో కోరింగలో 115 ఉన్నాయని తేలింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూలులో దీనికి చోటుంది. పగలు బోటు మీంచి మాకు దక్కేది దాని పాదముద్ర. తడి బురదలో నాలుగు వేళ్ల అచ్చు తాజాగా కనిపిస్తే, పోటు దిగాక అది ఇటు నడిచిందని లెక్క. దాన్ని వివరించి చెబితే పిల్లలు గంటసేపు అచ్చుల కోసమే వెతుకుతారు.

మడ అడవి దాటితే సముద్రానికి అడ్డంగా హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ. 1839 నవంబరులో ఈ తీరం మీదికి వచ్చిన తుఫాను ఉప్పెన ఇక్కడి కోరంగి రేవు పట్టణాన్ని తుడిచిపెట్టేసింది. అప్పట్లో పెద్ద ఓడలు కట్టిన రేవు అది. ఇవాళ కాకినాడకి అలల దెబ్బ నేరుగా తగలకుండా ఈ దిబ్బ కాపు కాస్తోంది. జనవరి నుంచి మార్చి వరకు రాత్రిళ్లు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద పైచిలుకు గుడ్లుంటాయి. లైట్లు, జనం గోల ఉంటే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. అందుకే ఆ రాత్రుల్లో మావాళ్లని అటు తీసుకెళ్లను, ఎంత డబ్బిస్తామన్నా.

కోరింగ చూడాలనుకునేవాళ్లు నవంబరు, ఫిబ్రవరి మధ్య రండి. ఏ పూట పోటు ఎక్కుతుందో ముందే కనుక్కోండి. పాటల స్పీకరు, పొట్లాల చెత్త బోటులోకి తేకండి. ఒక్క పాయలోనైనా ఇంజిన్ ఆపి గెడతో నడపమని సరంగుని అడగండి. అడిగితే ఆపుతారు.