రాళ్ల పాఠం మన పిల్లలకి ఎట్లా చెప్పాలి?

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మాది జగ్గయ్యపేట దగ్గర ఒక తండా. మా చుట్టుపక్కల నేల తవ్వితే సున్నపురాయే. సిమెంట్ ఫ్యాక్టరీలు ఇటు వచ్చింది దానికోసమే. మనోళ్లు చాలామంది క్వారీ పనికి, క్రషర్ల దగ్గరికి, లారీ లోడింగుకి పోతారు. సెలవుల్లో నేను సాయంత్రం పూట పిల్లలకి ట్యూషన్ చెప్తా. "శిలలు మూడు రకాలు, అగ్ని శిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు" అని అందరూ గడగడా అప్పజెప్తారు. మరి మీ గుమ్మం ముందు పరిచిన నాపరాయి ఏ రకంరా అంటే ఒక్కరూ నోరు తెరవరు. రాళ్ల మధ్య పుట్టిన పిల్లలకి రాయి పరీక్షలో రాసే మాట అయిపోయింది.

అందుకే ఈ ఎండాకాలం పుస్తకం పక్కనపెట్టి, పేరున్న కట్టడాల బొమ్మలు చేయించా. షరతు ఒక్కటే. అసలు కట్టడం ఏ రాయిదో, బొమ్మకి కూడా ఆ రాయే వాడాలి. నందిగామలో గ్రానైట్, పాలరాయి అమ్మే షాపుల వెనక కోసి పారేసిన ముక్కలు అడిగితే ఊరికే ఇచ్చారు. నాపరాయి ముక్కలు తండాలోనే ఉన్నాయి. బంకమట్టి, ఫెవికాల్, నాలుగు నిమ్మకాయలు, ఒక మేకు. ఖర్చు అంతే.

చార్మినార్ 1591లో కట్టింది, గ్రానైట్, సున్నం. ఒక జట్టు దాన్ని తీసుకుంది. తాజ్‌మహల్‌కి పాలరాయి. మన జగ్గయ్యపేట ధనంబోడు స్తూపానికి సున్నపురాయి. రామప్ప గుడి తీసుకున్న జట్టుకి ఇసుకరాయి దొరకలేదు. మునేరు ఇసుకలో ఫెవికాల్ కలిపి, గ్లాసులో గట్టిగా కూరి, మూడు రోజులు ఎండబెట్టి వాళ్లే తయారుచేశారు. ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని రాయి అవడం అంటే ఏంటో వాళ్లకి మళ్లీ చెప్పే పని పడలేదు.

తర్వాత పరీక్షలు. మేకుతో గీస్తే గ్రానైట్ మీద గీత పడలేదు, నాపరాయి మీద పడింది. గ్రానైట్‌లో మెరిసే గాజులాంటిది క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. అది మేకు కంటే గట్టిది. గీసిన పొడి మీద నిమ్మరసం పిండితే నాపరాయి బుస్సుమని పొంగింది. పాలరాయి పొడి కూడా పొంగింది! ఒక పిల్ల, "అన్నా, అయితే తాజ్‌మహల్, మా అరుగు ఒకటేనా?" అంది. దాదాపు ఒకటే తల్లీ. రెండిట్లో ఉన్న ఖనిజం కాల్సైట్. సున్నపురాయి భూమి లోపల వేడికి, ఒత్తిడికి మారితే పాలరాయి. అదే సున్నపురాయిని మట్టితో కలిపి బట్టీలో 1450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంట్ క్లింకర్. రూపాంతరం అన్న మాట ఆ రోజు అందరికీ అర్థమైంది.

స్తూపం బొమ్మ దగ్గర ఇంకో మాట వచ్చింది. ధనంబోడుని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. చెక్కిన పలకలు మద్రాసు మ్యూజియంకి పోయాయి. ఈ రాయి మెత్తన, రేణువు సన్నం, అందుకే ఉలికి అంత బాగా లొంగింది. అక్కడి స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏడు నాటి శాసనం ఉంది. ఆ స్తంభాలు నిలబెట్టించింది సిద్ధార్థ అనే పనివాడు, నాగచంద్రుడనే పనివాడి కొడుకు. పదిహేడు వందల ఏళ్ల కింద రాతి పని చేసేవాడి పేరు, వాళ్ల నాయన పేరు రాయి మీద ఉన్నాయి. అది విని మా పిల్లలు బొమ్మ అడుగున వాళ్ల పేర్లు, వాళ్ల అమ్మానాన్నల పేర్లు రాసుకున్నారు. నేను చెప్పలేదు.

ఇక అసలు సంగతి. క్రషర్‌కి పోయే ఒకాయన కొడుకు, "మా నాన్న మూతికి తువ్వాల కట్టుకుంటాడు, సరిపోద్దా?" అని అడిగాడు. సరిపోదు. గ్రానైట్ లాంటి రాయిని కంకర కొట్టేటప్పుడు లేచే సన్న దుమ్ములో పలుగు ఉంటుంది. అది గుడ్డలోంచి దూరి ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. నయం కాదు. చూడ్డానికి టీబీ లాగే ఉంటుంది కాబట్టి చాలామందికి టీబీ మందులే వాడతారు. రాయిని తడిపి కొట్టడం, దుమ్ము ఆపే సరైన మాస్కు, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే, ఇవి కావాలి. ఇది పని వల్ల వచ్చే జబ్బు అని చట్టం గుర్తించింది, పరిహారం అడగొచ్చు. కానీ డాక్టర్ దగ్గర "రాయి పని చేస్తా, ఫలానా రాయి" అని చెప్పాలి కదా. పలుగు అన్న ఒక్క మాట తెలియడం మన ఇళ్లల్లో ప్రాణానికి సంబంధించిన విషయం.

చివర్లో బొర్రా గుహలు చేశాం. రెండు గ్లాసుల్లో బట్టల సోడా నీళ్లు పోసి, మధ్యన నూలు తాడు వేలాడదీస్తే కొన్ని రోజులకి తెల్లటి ఊడ దిగింది. అదీ సున్నపురాయి గుహే. ఆ అనంతగిరి, బొర్రా వైపు మైనింగ్ లీజుల మీద సమత సంస్థ కోర్టుకి పోతే, 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి గనుల లీజుకి ఇవ్వకూడదని. మన జగ్గయ్యపేట, నందిగామ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, ఆ తీర్పు మనకి వర్తించదు. అయినా పిల్లలకి తెలియాలి. కాలికింద ఏ ఖనిజం ఉందో తెలిసినవాడే దాని మీద మాట్లాడగలడు.

డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. జియాలజీ అనే సబ్జెక్టు ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. పీజీ తర్వాత యూపీఎస్‌సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాయొచ్చు, ఎస్టీలకి రిజర్వేషన్ ఉంది, ఫీజు లేదు. క్వారీలో మనోళ్లు సుత్తి పట్టుకునే ఉన్నారు, జియాలజిస్టు సుత్తి కూడా మన చేతికి రావాలి.

మీ ఊళ్లో ఏ రాయి ఉందో, దానితో ఏ కట్టడం ఉందో గ్రూపులో రాయండి. ఒక మేకు, ఒక నిమ్మకాయ తీసుకుని ఈ ఆదివారమే మీ పిల్లలతో మొదలుపెట్టండి.