మా పిన్ని ఏ లెక్కలో ఉంది?

కరోనా దెబ్బకి 2020-21లో దేశ ఆర్థిక వ్యవస్థ కుంగింది. అదే ఏడాది కేంద్రం చేసే శ్రామిక సర్వేలో నిరుద్యోగం 4.8 శాతం నుంచి 4.2కి తగ్గింది. గ్రూప్స్‌కి చదివే మా విద్యార్థి ఒకడు "ఇదెట్టా సార్?" అన్నాడు.

మా పిన్నిని చూడండి. ఇందుకూరుపేట దిక్కున రొయ్యల షెడ్డులో తలలు తీసేది, కిలోకింత అని. లాక్‌డౌన్‌లో షెడ్డు మూశారు. చిన్నాయన కౌలుకు చేసే అరెకరంలో కలుపు తీసింది. రూపాయి కూలి లేదు. సర్వే దృష్టిలో ఆమె ఉపాధిలోనే ఉంది! ఇంటి సేద్యంలో జీతం లేని సాయం కూడా పనే. ఏడాదిలో ఎక్కువ కాలం ఖాళీగా ఉన్నా, 30 రోజులు ఏదో పని చేసుంటే చాలు. వారం లెక్కలో అయితే ఒక్క గంట.

పనిచేసేవాళ్లలో సేద్యం మీద ఉన్నవాళ్లు 2018-19లో 42.5 శాతం, 2020-21లో 46.5. పొలానికి తిరిగొచ్చారన్నారు పెద్దలు. ఎవరి పొలానికి? మా పల్లెలో సొంత సెంటు ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మళ్లీ ఆసామి గట్టు మీదికే.

ఆ సర్వే నివేదికలో ఎస్సీల పట్టికలు వేరుగా ఉంటాయి. పేపర్లు వాటి జోలికి పోవు. వచ్చే భాగంలో అవి విప్పుదాం.