తేనెటీగల గాదె

పటేల్‌గూడలోని మా పెరటిలో మూడేండ్లుగా తేనెటీగలను పెంచుచున్నాము. ఈగలు వెనుకకాళ్లకు పుప్పొడి నంటించుకొని వచ్చి, తేనెతోడను నోటిరసముతోడను కలిపి, మైనపుగదులలో తలలతో దట్టించును. అది కొలదిదినములలో దోసెపిండివలె పులిసి, చెడక నిలువయుండును. పిల్లపురుగులకు మాంసకృత్తుల నిచ్చు ఆహార మిదియే. మనుష్యులును దీనిని తినుచున్నారు. రుచి పులుపు, ఇంచుక చేదు.

మొదటి యేడు ఆశకొలది ఒక పెట్టెలోని పుప్పొడి యంతయు కోసితిమి. పూలులేని వేసవి యది. పదిదినములలో పెట్టె శూన్యమయ్యెను. మన దేశపు తేనెటీగ కఱవున కోర్వక గూడు విడిచి పోవును. దానిని చూచి మా చిన్నమ్మాయి, "నాయనా, వాటి పిల్లల అన్నము మనము తింటిమా?" అని యడిగెను. మాకు నోట మాట రాలేదు.

1851లో అమెరికా బోధకుడు లాంగ్‌స్ట్రాత్ కదలు చట్రముల పెట్టెను కనిపెట్టెను. దక్షిణదేశమున 1911-17 నడుమ న్యూటన్ పాదిరిగారు మన యీగకు తగిన పెట్టెను వాడుకకు తెచ్చిరి. ఒక చట్రము తీసికొని తక్కినవి విడిచిపెట్టు వీలు దీనివలననే కలిగినది. ఆ వీలుండియు మేము విడువలేదు.

ఇప్పుడు పూలు విరివిగా నున్నప్పుడే ద్వారమున జల్లెడ యుంచి, రాలిన పుప్పొడి కొంత తీసి, జల్లెడ తొలగింతుము. గదులలోని నిలువను ముట్టము.

బాలబాలికలారా, పుప్పొడి పడనివారు దీనిని రుచిచూడరాదు. పురుగుమందు చల్లిన చేలచెంత సేకరింపరాదు. విత్తనపుగింజలు వండుకొనిన రైతునకు కోత యుండదని మఱవకుడు.