రిక్షా ఉంది, డోలీ లేదు



అరకు వెళ్తున్నానంటే అక్కయ్య కాఫీపొడి తెమ్మంది, పిల్లలు అద్దాల రైలుపెట్టెలోంచి సొరంగాల వీడియోలు పంపమన్నారు. బావగారూ, మీరొక్కరే ఏమీ అడగలేదు. అందుకే ఈ ఉత్తరం మీకు. ఉద్యోగమంతా తెనాలి మున్సిపాలిటీలో జనన మరణాల రిజిస్టరు మీదే గడిపిన మనిషికి బొర్రా గుహల గురించో బొంగు చికెన్ గురించో రాస్తే ఏం బాగుంటుంది? వాటిని రాసేవాళ్లు బోలెడుమంది. మీ శాఖ కొండెక్కితే దాని గతి ఏమవుతుందో నేను రాస్తాను.

మొదటి వింత మీ చట్టంలోనే ఉంది. 1969 జనన మరణాల నమోదు చట్టంలో తొమ్మిదో సెక్షనుతో తెనాలిలో మీకెప్పుడూ పనిపడి ఉండదు. తోటలో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా రిజిస్ట్రారుకు కబురు చేయాల్సింది తోట సూపరింటెండెంటు అంటుంది ఆ సెక్షను. తోట అంటే ఏమిటో కూడా చెప్పింది: నాలుగు హెక్టార్లకు తగ్గకుండా టీ, కాఫీ, మిరియం, రబ్బరు, ఏలకులు, సింకోనా వంటివి పండించే నేల. ఇక్కడ సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియపు తీగలు. అరకును చూసి రాశారేమో అనిపించింది. తీరా లెక్క చూస్తే, పెద్ద ఎస్టేట్ల సంగతి సరే, గిరిజన రైతు కాఫీ తోట ఎకరమో రెండెకరాలో. 2006 అటవీ హక్కుల చట్టం కింద అతనికిచ్చే పట్టా కూడా నాలుగు హెక్టార్లు దాటకూడదు. ఒక చట్టం నాలుగు హెక్టార్ల దగ్గర మొదలవుతుంది, రెండోది సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. మన రైతు ఆ గట్టుకు ఇవతలే మిగిలాడు. అతను పోతే కబురు చేయడానికి సూపరింటెండెంటు లేడు.

కాటికాపరి కూడా లేడు. శ్మశానం చూసుకునేవాడు సమాచారం ఇవ్వాలని పదో సెక్షను చెబుతుంది కదా. ఇక్కడ ఊరవతల జాగా ఉంటుంది, దానికి కాపరి ఉండడు. ఇక మిగిలింది ఇంటిపెద్ద. 21 రోజుల్లో పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి. ఒక పంచాయతీ అంటే కొండల మీద విసిరేసినట్టున్న గూడేలు ఎన్నో. కార్యదర్శి కూర్చునే గ్రామ సచివాలయం మాత్రం రోడ్డు పక్కన.

ఆ రోడ్డు దాకా రావడానికి చాలా గూడేలకు కాలిబాటే దిక్కు. నడవలేనివాళ్లకు డోలీ. కట్టడం దగ్గరుండి చూశాను. మణికట్టుకన్నా లావైన గట్టి కర్ర, దాని రెండు చివర్లకూ దుప్పటి ముడి. మనిషిని అందులో పడుకోబెట్టి ముందొకరు, వెనకొకరు భుజానికెత్తుకుంటారు. మరో ఇద్దరు ఖాళీ భుజాలతో పక్కన నడుస్తారు, వంతు మార్చుకోవడానికి. దిగుడులో బరువంతా ముందువాడి మీదే పడుతుంది కాబట్టి అక్కడికి గట్టివాణ్ణి పెడతారు. ఎవరూ పెద్దగా మాట్లాడరు. రోడ్డెక్కాక ఫీడర్ అంబులెన్సు, అంటే మోటారు సైకిలుకు పడక తగిలించిన బండి, లేదా 108. ఆసుపత్రిలో ప్రాణం పోతే ప్రభుత్వ మహాప్రస్థానం వాహనం శవాన్ని ఉచితంగా తీసుకొస్తుంది. అదీ రోడ్డున్నంత వరకే. అక్కడి నుంచి మళ్లీ అదే కర్ర, అవే భుజాలు.

ఇప్పుడు మీ నియమాలు గుర్తు చేసుకోండి. కదులుతున్న వాహనంలో ఎవరైనా పుట్టినా, చనిపోయినా ఆ వాహనం బాధ్యత ఉన్నవాడు మొదట ఆగినచోట సమాచారం ఇవ్వాలి. వాహనాలేమిటో వివరణలో వరుసగా రాశారు: విమానం, పడవ, ఓడ, రైలుపెట్టె, మోటారుకారు, మోటారు సైకిలు, బండి, టాంగా, రిక్షా. టాంగా కూడా ఉంది బావగారూ! తెనాలిలో చివరి టాంగా ఎప్పుడు కదిలిందో మీకే గుర్తుండాలి. డోలీ మాత్రం లేదు. నేల మీదా, నీటి మీదా, గాలిలోనూ తిరిగే ఏ రకం వాహనమైనా అన్న మాట ముందే ఉంది కాబట్టి డోలీ కూడా అందులోకే వస్తుందని మీరు వాదిస్తారు, నాకు తెలుసు. ఒప్పుకున్నాను. మరి డోలీకి ఇన్‌ఛార్జి ఎవరు, ముందు భుజమా, వెనక భుజమా? మొదట ఆగినచోటు ఏ చింతచెట్టు కింద?

ఇది నవ్వులాటకు రాయడం లేదు. 2023 ఫిబ్రవరిలో ఒడిశా కోరాపుట్ జిల్లా మనిషి ఒకతను విశాఖ వైపు ఆసుపత్రి నుంచి భార్యను ఆటోలో ఇంటికి తీసుకెళ్తుంటే విజయనగరం దగ్గర ఆమె ప్రాణం పోయింది. ఆటో వాళ్లను అక్కడే దించేసి వెళ్లిపోయింది. అతను శవాన్ని భుజాన వేసుకుని నడిచాడు. దారిలో చూసినవాళ్లు పోలీసులకు చెబితే వాళ్లు అంబులెన్సు మాట్లాడి పంపారు. పత్రికల్లో ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. కదిలే వాహనం, మొదట ఆగినచోటు, ఇన్‌ఛార్జి: నియమంలోని మూడూ ఆ రోడ్డు మీద ఉన్నాయి. ఆటో నడిపేవాళ్లలో ఆ నియమం ఉందని విన్నవాళ్లు ఎందరుంటారు చెప్పండి.

ఇంకో చిక్కు. చావు ఎక్కడ జరిగితే నమోదు అక్కడే. అరకు మనిషి విశాఖ కేజీహెచ్‌లో పోతే శవం కొండెక్కుతుంది, నమోదు కొండ కిందే జరుగుతుంది. కర్మకాండలు అయ్యాక ఇంటివాళ్లు తమ సచివాలయానికి వస్తారు. ఇక్కడ రాయడానికి వీల్లేదని కార్యదర్శి చెబితే మొహాలు చూసుకుంటారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పత్రం తీసుకునే వీలుంది నిజమే. ఆ సంగతి చెప్పేవాళ్లు దొరకాలి, గూడెంలో సిగ్నలు దొరకాలి.

పాముకాటు, పిడుగు, చెట్టు మీంచి పడడం ఇక్కడ మామూలు చావులే. కానీ చట్టం దృష్టిలో అవి అసహజ మరణాలు కాబట్టి పోలీసు పంచనామా, పోస్టుమార్టం జరగాలి. సూర్యాస్తమయం తర్వాత కూడా, తగిన సౌకర్యాలున్న చోట, పోస్టుమార్టం చేయవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2021 నవంబరులో చెప్పింది. హత్య, ఆత్మహత్య వంటి కేసులకు అది వర్తించదు. శవాన్ని కోస్తారన్న భయంతో చెప్పకుండా దహనం చేసినవాళ్లకు తర్వాత పరిహారం అడగడానికి కాగితం ఉండదు.

సచివాలయంలో కార్యదర్శి అమ్మాయి నాకు రెండో నంబరు ఫారం చూపించింది, మరణ నివేదిక. దాని కింది భాగంలో చనిపోయినవారికి పొగ అలవాటు ఉందా, ఎన్నేళ్లు, పొగాకు నమిలేవారా, వక్క నమిలేవారా, మద్యం తాగేవారా అని అడుగుతారని మీకు తెలుసు. ఇక్కడ ముసలమ్మలు చాలామంది అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని. ఆ అలవాటు ఎన్నేళ్లని మనవణ్ణి అడిగితే ఏం చెబుతాడు? ‘నేను పుట్టకముందు నుంచీ’ అంటాడు. గడిలో అంకె పట్టదు.

పుట్టుక లెక్క ఇంకా తమాషా. నేనక్కడ ఉండగా ఒకతను కూతురి జనన ధ్రువపత్రం కోసం వచ్చాడు.

‘ఏ రోజు పుట్టింది?’

‘మంగళారం, మేడమ్.’

‘తేదీ?’

‘ఇటుకల పండక్కి ముందు.’

వారం ఎలా గుర్తుందంటే, పిల్ల పేరులోనే ఉంది. సోమవారం పుట్టినవాడికి సోమ, బుధవారమైతే బుద్ర, శుక్రవారమైతే సుక్ర. ఒకప్పుడు బళ్లో మాస్టారు జూన్ 1 అనో జనవరి 1 అనో వేసేస్తే సరిపోయేది. 2023 సవరణతో ఆ దారి మూసుకుపోయింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడానికీ, ఓటుకూ, పెళ్లి నమోదుకూ, ప్రభుత్వోద్యోగానికీ జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి రుజువు. ఏడాది దాటిన కేసులకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఇంతకుముందు చట్టంలో మొదటి తరగతి మేజిస్ట్రేటు అని ఉండేది. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఇవ్వవచ్చు. కోర్టు మెట్లు తప్పాయి, అది మంచిదే. కానీ పాడేరు ప్రయాణానికి ఒక కూలిరోజు పోతుంది.

సరిహద్దు దాటి కోరాపుట్ వైపు గదబల ఊళ్లకూ వెళ్లాను. అక్కడ మరణాల రిజిస్టరు రాళ్లతో ఉంది. మనిషి పోయిన ఎన్నో ఏళ్లకు గోత్ర్ అనే పెద్ద క్రతువు చేస్తారు. ఆ వంశంలో ఈలోగా పోయినవాళ్లందరికీ కలిపి, ఒక్కొక్కరికి ఒక్కో గేదె. ఆ గేదెను పోయిన మనిషిగానే చూసుకుంటారు. తిండి పెడతారు, పట్టుకుని ఏడుస్తారు, చివరికి పొరుగూరి బంధువులు తోలుకుపోతారు. చనిపోయినవారి పేరున ఒక నిలువురాయి, ఒక పరుపురాయి వేస్తారు. ఖర్చు విపరీతం కాబట్టి ఒక తరానికి ఒకసారి జరిగితే గొప్ప. మన ఆదిలాబాద్ గోండులతో మార్లవాయిలో ఉండి పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లోనే ఈ రాళ్ల మీద వ్యాసం రాశాడు. ఆయన లండన్‌లో పోయాక అస్థికలు మార్లవాయికే తెచ్చి సమాధి చేశారు.

ఆ రాళ్ల మధ్య నిలబడితే ముచ్చటేసింది. గడువు లేదు, ఆలస్య రుసుము లేదు. అయినా నన్నడిగితే మీ రిజిస్టరే మేలంటాను. రాయి చూపిస్తే వితంతు పింఛను రాదు. అటవీ హక్కుల పట్టా అమ్ముకోవడానికి వీల్లేదు గాని వారసులకు వస్తుంది. దాన్ని కొడుకు పేరున మార్చాలన్నా, బ్యాంకులో ఉన్న కాఫీ డబ్బు తీయాలన్నా మరణ ధ్రువపత్రం అడుగుతారు. ఆ కాగితం కొండ మనిషికి మనకన్నా ఎక్కువ అవసరం. దాన్ని చేరడానికి మనకన్నా ఎక్కువ దూరం నడవాల్సినవాడూ అతనే.

మీతో పనిచేసినవాళ్లు ఎవరైనా పైఆఫీసుల్లో ఇంకా ఉంటే ఒక మాట వేయండి బావగారూ. నియమాలు మళ్లీ సవరించేటప్పుడు టాంగాను తీసేయక్కర్లేదు, దాని పక్కన డోలీని చేర్చమనండి. గూడెంలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో అందరికన్నా ముందు తెలిసేది ఆశా కార్యకర్తకు. ఆమె ఫోనులో చెప్పినరోజే నమోదు మొదలయ్యే ఏర్పాటు చేయమనండి. ఈలోగా మీకు తెలిసిన కొండవాళ్లు ఎవరు కనిపించినా చెప్పండి: ఊళ్లో పోతే పంచాయతీ కార్యదర్శి దగ్గర, ఆసుపత్రిలో పోతే ఆసుపత్రి ఉన్న ఊరి రిజిస్ట్రారు దగ్గర, 21 రోజుల్లో నమోదు కావాలి. సమాచారం ఇచ్చినవారికి ధ్రువపత్రం ఉచితం.