చెలమ నీళ్లు

"మిగిల్తే కదా మామా, దాసేది!" అన్నాడు మా అక్క కొడుకు, మొన్న మైలవరం డ్యాముకట్ట మీద నడుస్తూ. ఉద్యోగంలో చేరి ఏడు నెలలైంది. నెలకు ఇరవై రెండు వేలు చేతికొస్తాయి. ఇరవయ్యో తేదీ దాటితే వాళ్లమ్మకు ఫోను చేస్తాడు. వాడి మీద నాకు కోపం లేదు. ఆ 'మిగిల్తే' అన్న మాట మీదే కోపం. రెండు రోజులుగా అది చెవుల్లోంచి పోవడం లేదు. జీతం దానంతటది మిగలడం నేనెక్కడా చూడలేదు.

వాడి అక్క 2019 అక్టోబరులో గ్రామ సచివాలయంలో చేరింది. ఆ ఏడు ఒక్కసారే 1,26,728 పోస్టులు పిలిచారు. జీతం 15,000. రెండేళ్లు ప్రొబేషన్ అన్నారు గానీ, పూర్తి జీతం చేతికి వచ్చేసరికి 2022 సగం దాటింది. ఆ పదహైదు వేలల్లోంచే మొదటి నెల నుంచీ వెయ్యి తీసి పోస్టాఫీసులో ఆర్.డి. కట్టింది. రూముబాడుగ, బస్సు చార్జీ, బియ్యం అన్నీ ఆ తర్వాతే. వెయ్యితో ఏమొస్తుంది అనేవాళ్లుంటారు. ఇప్పటి 6.7 శాతం వడ్డీకి నెలనెలా వెయ్యి చొప్పున 60 నెలలు కడితే 71,366 రూపాయలొస్తాయి. 12 కిస్తులు కట్టినాక అవసరమైతే కట్టినదాంట్లో సగం దాకా అప్పిస్తారు. మా బావకు ఆపరేషనైనప్పుడు మందుల డబ్బు అట్లే వచ్చింది. ఎవరి గడపా తొక్కలేదు.

మా వైపు మొదటి జీతం రాంగానే పెద్దలు ప్రొద్దుటూరు దారి చూపిస్తారు. బంగారు కొనుక్కో, ఎక్కడికీ పోదు అంటారు. బంగారు మంచిదే. కానీ నగ చేయించుకుంటే తరుగు, మజూరి, వాటి పైన జీఎస్టీ. అమ్మబోతే అవేవీ తిరిగి రావు. రెండేళ్లకే కుదువ పెట్టాల్సిన ఇంట్లో అది దాపు ఎట్లవుతుంది?

ఇక చీటీ సంగతి. నా మొదటి ఉద్యోగంలో, తెలిసినాయన దగ్గర చీటీ వేసినా. ఇరవై మందిమి, నెలకు ఐదు వందలు. రిజిస్టరు లేదు, రసీదు లేదు, ఒక చిన్న నోటుబుక్కులో టిక్కు మాత్రం. నేను పాట పాడకుండా చివరిదాకా ఆగుదామనుకున్నా, మొత్తం ఒక్కసారే వస్తుందని. పదమూడో నెలలో ఆయన ఇంటికి తాళం. ఆ తాళం ఇప్పటికీ కళ్లకు కడుతుంది, ఇత్తడి తాళం, కొత్తది. చీటీ నడపాలంటే రిజిస్టరు చేయాలనీ, చీటీ మొత్తానికి తగ్గ హామీ పెట్టాలనీ 1982 చట్టంలో ఉందని తర్వాతెప్పుడో తెలిసింది. అది నాకు ముందే ఎవరన్నా చెప్పింటే! ఆరు వేల ఐదు వందలు. నాకప్పుడు అది మూడు నెలల జీతం. ఇంట్లో చెప్పలేక రాత్రి పూట పెన్న ఒడ్డున కూర్చున్నా.

పెన్న అంటే అప్పుడు ఇసుకే. నా చిన్నప్పుడు ఎండాకాలం జేజి వెంట కడవ తీసుకోని ఆ ఇసుకలోకి పోయేవాణ్ణి. చేతులతో తోడి చెలమ చేసేది జేజి. మొదట తడి, తర్వాత బురద, ఆ తర్వాత అడుగున అరచేయంత నీళ్లు. నేను చెంబు ముంచబోతే చేయి పట్టుకునేది. "ఉండబ్బీ, ఊరనీ" అనేది. ఊరేదాకా ఇసుకలో కూర్చోని, ఎండ నా మీద పడకుండా కొంగు పట్టేది. తేరిన నీళ్లు చిప్పతో పైపైన ముంచి, గుడ్డతో వడగట్టి కడవలో పోసేది. అడుగుదాకా ఎప్పుడూ తోడలేదు. కడవ నిండినాక కూడా చెలమలో జానెడు నీళ్లుండేవి. మేకలు తొక్కి పాడుచేయకుండా దాని చుట్టూ తుమ్మకంప అడ్డం పెట్టి, కడవ చంకనెత్తుకోని ఇంటిదారి పట్టేది.